ద్రౌపది ఓర్పుకు అయిదు మార్కులు

తెలుగు పరీక్షలో తరచుగా వచ్చే ప్రశ్న ఒకటుంది: "ఫలానా పాత్ర స్వభావాన్ని వివరించండి." అయిదు మార్కులు. జవాబు మాకందరికీ కంఠతా వచ్చు. ద్రౌపది అయితే ఓర్పు, క్షమాగుణం, ఆత్మాభిమానం. తమిళ పరీక్షలో కన్నగి వస్తే పాతివ్రత్యం, ధైర్యం. గుణానికో మార్కు. అయిదు గుణాలు గుర్తుపెట్టుకుంటే అయిదు మార్కులూ మనవే. కథ చదవకపోయినా ఫరవాలేదు, గైడు చదివితే చాలు.

ఈ ప్రశ్న అడిగే పద్ధతి తప్పు అని నేనంటాను. కథలో ఒక మనిషికి ఘోరమైన అన్యాయం జరుగుతుంది. ఆ దెబ్బ శరీరానికంటే ఎక్కువగా మనసుకు తగులుతుంది. మనం ఆ దెబ్బను పక్కనపెట్టి, దెబ్బ తిన్న మనిషికి గుణాల జాబితా రాస్తాం. ఎవరు కొట్టారో, ఎవరు చూస్తూ కూర్చున్నారో, ఆ తర్వాత ఆమెకు నిద్ర పట్టిందో లేదో ఏ జవాబులోనూ ఉండదు. కథల్లో ఇట్లా చదవడం అలవాటైనవాళ్ళం పక్క బెంచీలో ఉన్న మనిషిని కూడా ఇట్లాగే చూస్తాం. నా గొడవ అంతా అదే.

ముందు ద్రౌపదికి ఏం జరిగిందో వరసగా చూద్దాం. జూదంలో ధర్మరాజు ఆమెను ఒడ్డాడు, ఓడాడు. పిలవడానికి వచ్చిన ప్రాతికామితో ఆమె ఒక ప్రశ్న పంపింది. నా భర్త ముందు తనను ఓడిపోయాడా, నన్ను ఓడిపోయాడా అని. ఆ ప్రశ్నకు నిండు సభలో జవాబు రాలేదు. భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమైనది అని ఊరుకున్నాడు. విదురుడు మొత్తుకున్నాడు. కౌరవుల్లో ఒక్క వికర్ణుడు లేచి ఇది అన్యాయం అన్నాడు, అతని నోరు కర్ణుడు మూయించాడు. జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చిన సభలో ఆమె ఒక్కతే నిలబడింది.

ఇక్కడితో అయిపోయి ఉంటే "పాత కథ" అనుకోవచ్చు. పన్నెండేళ్ళ అరణ్యవాసం తర్వాత విరాటుడి కొలువులో కీచకుడు ఆమెను వెంటాడాడు. ఆమె రక్షణ కోసం సభలోకి పరుగెత్తితే అందరి ముందూ కాలితో తన్నాడు. మళ్ళీ సభ, మళ్ళీ పెద్దలు, మళ్ళీ మౌనం. అక్కడ కంకుభట్టు వేషంలో ఉన్న భర్తే, ఇక్కడ నటిలాగా ఏడవకు, లోపలికి వెళ్ళు అన్న అర్థంలో మాట్లాడాడు. ఆమె ఊరుకోలేదు. నా భర్తే పెద్ద నటుడు, పైగా జూదరి, ఇక నేను నటిని కావడంలో వింతేముంది అన్నట్టు ఎదురు జవాబిచ్చింది. తిక్కన గారి విరాటపర్వంలో ఆ పద్యం చదివినవాళ్ళు మరిచిపోలేరు. కానీ గైడులో ఆ పద్యం కింద ఉండేది "ద్రౌపది వాక్చాతుర్యం" అనే ఒక్క మాట. ఒక మనిషి గుండె మండి అన్న మాట మనకు చాతుర్యం అయిపోయింది.

ఆ రాత్రి ఆమె ఏం చేసిందో కూడా చూడండి. ఎవరికీ తెలియకుండా వంటశాలకు వెళ్ళి నిద్రపోతున్న భీముణ్ణి లేపింది. జరిగింది మొత్తం చెప్పుకుంది. సభలో జరిగినదాంతో మొదలుపెట్టి, గంధం నూరి నూరి కాయలు కాచిన చేతుల దాకా. వ్యాసభారతంలో భీముడు ఆ చేతులు తీసుకుని తన ముఖానికి ఆనించుకుని ఏడుస్తాడు. కీచకుణ్ణి చంపడం ఆ తర్వాతి సంగతి. ముందు విన్నాడు. ఇంత పెద్ద భారతంలో ఆమె మాట పూర్తిగా విని ఏడ్చిన మనిషి దొరికిన చోటు అది. పరీక్షలో మాత్రం "కీచక వధ ఎట్లా జరిగింది?" అని అడుగుతారు.

పదమూడేళ్ళు గడిచాక సంధి మాటలు మొదలయ్యాయి. అప్పుడు ఆమె కృష్ణుడి ముందుకు వచ్చి, తన జుట్టు చేత్తో పట్టుకుని చూపించి, శాంతి గురించి మాట్లాడేటప్పుడు దీన్ని గుర్తుంచుకో అన్నది. కాలమే అన్నీ మాన్పుతుంది అని మన పెద్దవాళ్ళు అంటారు కదా. పదమూడేళ్ళ కాలం ఆమెకు ఏం మాన్పింది? ఎవరూ ఒప్పుకోని గాయం, ఎవరూ క్షమాపణ అడగని గాయం కాలంతో మానదు. పైన చర్మం మూసుకుంటుంది, లోపల చీము అట్లాగే ఉంటుంది. దీనికి మనం పెట్టిన పేరు ఓర్పు.

గైడులో ఎక్కువ మార్కులు తెచ్చే భాగం ఉపపాండవుల కథ. నిద్రపోతున్న కొడుకులు అయిదుగురినీ అశ్వత్థామ చంపేశాడు. పోతన గారి భాగవతంలో అర్జునుడు అతణ్ణి కట్టి తెచ్చి ముందు పడేస్తే, విడిచిపెట్టండి, నేను ఏడుస్తున్నట్టు ఇతని తల్లి కూడా ఏడవకూడదు అని ద్రౌపది అంటుంది. క్షమాగుణం, ఒక మార్కు. కానీ భారతంలో ఇదే ద్రౌపది అశ్వత్థామను శిక్షించేదాకా అన్నం ముట్టనని కూర్చుంటుంది. చివరికి అతని తలమీది మణి తెచ్చి ఇచ్చేదాకా లేవదు. ఇద్దరు కవులు ఒక తల్లి దుఃఖాన్ని రెండు విధాలుగా చూశారు. రెండూ నమ్మదగ్గవే. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఒక పూట చంపేయాలంటుంది, ఇంకో పూట ఎవరికీ ఇట్లాంటిది రాకూడదంటుంది. మనం మనకు వీలుగా ఉన్నదాన్ని మాత్రం ఏరుకుని, అదే ఆమె స్వభావం అంటున్నాం. ఆ రెండో మాటలో కూడా నాకు గుణం కనబడలేదు. కడుపుకోత అంటే ఏమిటో తెలిసిన మనిషి కనబడింది.

మేము తమిళనాడులో ఉన్నవాళ్ళం. తెలుగు పీరియడ్ అయిపోగానే తమిళ పీరియడ్‌లో కన్నగి వస్తుంది. చెన్నై మెరీనా బీచ్‌లో 1968లో పెట్టిన ఆమె విగ్రహం అందరూ చూసే ఉంటారు. చేతిలో అందె, కళ్ళల్లో నిప్పులు. చేయని దొంగతనానికి భర్త కోవలన్‌ను పాండ్యరాజు చంపించాడు. రాణి అందెలో ఉండేవి ముత్యాలు, కన్నగి అందెలో ఉండేవి మాణిక్యాలు. సభలో అందె పగలగొట్టి నిరూపించింది. రాజు కుప్పకూలి చనిపోయాడు, మదురై తగలబడింది. మేము రాసే జవాబు ఇక్కడితో ఆగుతుంది. 'శిలప్పదికారం' ఇక్కడ ఆగదు. ఆ తర్వాత ఆమె పగలూ రాత్రీ తెలియకుండా, పల్లమేదో మిట్ట ఏదో చూసుకోకుండా వైగై ఒడ్డున నడుచుకుంటూ పోయిందని ఇళంగో అడిగళ్ రాశారు. పద్నాలుగు రోజుల తర్వాత ఆమె కథ కొండమీద ముగుస్తుంది. ఊరు కాల్చిన కన్నగికి విగ్రహం ఉంది. పగలో రాత్రో తెలియక ఏటి ఒడ్డున నడిచిన కన్నగికి ఒక్క మార్కు కూడా లేదు. రెండు భాషల్లో రెండు కథలు, మేము చేసే తప్పు మాత్రం ఒకటే.

పాత కావ్యాలే ఇట్లా అనుకుంటే కొత్త నవలలకీ అదే గతి. మా లైబ్రరీలో గోపీచంద్ గారి 'అసమర్థుని జీవయాత్ర' ఉంది. అందులో సీతారామారావు వంశప్రతిష్ఠ అనే బరువు మోస్తూ ఆస్తి పోగొట్టుకుంటాడు, మనుషులకు దూరమవుతాడు, ఇంట్లోవాళ్ళమీద విరుచుకుపడతాడు, చివరికి తనను తానే నాశనం చేసుకుంటాడు. రావిశాస్త్రి గారి 'అల్పజీవి'లో సుబ్బయ్య అందరికీ భయపడతాడు. ఈ పుస్తకాలు చదివిన పెద్దవాళ్ళను అడిగితే, "వాడు చేతగానివాడు", "వీడు పిరికివాడు" అన్నారు. రచయితలు అంత లావు పుస్తకం రాసింది ఆ ఒక్క మాట చెప్పడానికా? మనిషి అట్లా ఎట్లా తయారయ్యాడో చూడమనే కదా వాళ్ళు మనల్ని అతని తలలోపలికి తీసుకుపోయింది. మనం మాత్రం అట్ట మీద పేరు చదివి తీర్పు చెప్పేసి పుస్తకం మూసేస్తున్నాం.

సినిమా ఇంకా అన్యాయం. మన సినిమాల్లో మనసు దెబ్బతిన్న మనిషికి రెండే వేషాలు. ఒకటి, చిన్నప్పుడు నాన్నను చంపడం చూసి, పెద్దయ్యాక కత్తి పట్టడం. రెండోది, పిచ్చివాడై అందరినీ నవ్వించడం. 2005లో వచ్చిన 'అపరిచితుడు' మా ఇళ్ళల్లో టీవీలో ఇప్పటికీ చూస్తారు. వాననీళ్ళలో కరెంటు తగిలి చెల్లెలు చనిపోవడం చూసిన పిల్లవాడి కథ అది. ఆ పిల్లవాడు ఆ సాయంత్రం తర్వాత ఎట్లా బతికాడన్నదే అసలు కథ కావాలి. మనకు గుర్తున్నది మాత్రం గొంతు మార్చి మాట్లాడే హంతకుడు. నిజంగా ఇట్లాంటివి చూసిన పిల్లల్లో ఎక్కువమంది ఎవరినీ చంపరు. అన్నం సరిగ్గా తినరు. చప్పుడైతే ఉలిక్కిపడతారు. హోంవర్క్ చేయరు. వాళ్ళమీద సినిమా తీయరు కాబట్టి వాళ్ళను మనం గుర్తుపట్టలేం.

నాకు తెలిసిన ఒక అబ్బాయి సంగతి చెప్తాను. పేరు, ఊరు చెప్పను. వాళ్ళ నాన్న హఠాత్తుగా పోయారు. పదోరోజు దాటాక క్లాసుకు వచ్చాడు. వచ్చినవాళ్ళందరూ చెప్పింది ఒకటే: "ఇక ఇంటికి మగదిక్కువి నువ్వేరా, ఏడవకూడదు." అతను ఏడవలేదు. అందరూ మెచ్చుకున్నారు. రెండు నెలలకు లెక్కల్లో మార్కులు పడిపోయాయి, ఎవరైనా పిలిస్తే పలకడం మానేశాడు. అప్పుడు "సోమరిపోతు", "మొండివాడు", "తండ్రి లేడు కదా, చెడిపోయాడు" అన్నారు. మెచ్చుకున్నవాళ్ళే ఈ మాటలూ అన్నారు. ఏడవకుండా ఉన్నప్పుడు ఓర్పు అనే గుణం, పలకనప్పుడు మొండితనం అనే గుణం. మా పరీక్ష జవాబులాగే లేదూ? అతనికి ఏమైంది అని అడిగినవాళ్ళు తక్కువ. అతను ఎట్లాంటివాడు అని తేల్చినవాళ్ళు ఎక్కువ.

నా మాటకు అడ్డు చెప్పేవాళ్ళు ఉంటారు. వాళ్ళు చెప్పేవి విన్నాను, జవాబు కూడా చెప్తాను.

మొదటిది, ఇవన్నీ కల్పిత పాత్రలు, లేని మనిషి మనసు గురించి ఇంత గొడవ ఎందుకు అంటారు. లేని మనిషి గుణాల గురించి మార్కులు వేస్తున్నప్పుడు ఈ అనుమానం రాలేదు కదా! పైగా, పాత్ర కల్పితం కావడమే మనకు మేలు. పక్కింటి మనిషి గాయం గురించి క్లాసులో మాట్లాడితే అది చాడీ అవుతుంది, వాళ్ళ పరువు పోతుంది. ద్రౌపది గురించి ఎంత లోతుగా మాట్లాడినా ఎవరి పరువూ పోదు. చెప్పుకోలేని బాధ ఉన్న పిల్ల, పాత్ర పేరు చాటున నిలబడి తన మాట తాను వినవచ్చు.

రెండోది, పాత కావ్యాలకు ఈ కాలపు జబ్బుల పేర్లు తగిలించకూడదు అంటారు. పేర్లు తగిలించమని నేను అడగడం లేదు. పేర్లు కొత్తవే. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికులు వణికిపోతూ మాట పడిపోయి తిరిగొస్తే 'షెల్ షాక్' అన్నారు, 1915లో ఆ మాట వైద్య పత్రికకెక్కింది. వియత్నాం యుద్ధం నుంచి వచ్చిన సైనికుల గోడు విన్న తర్వాత, 1980లో అమెరికా మానసిక వైద్యులు దాన్ని 'పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్' అనే పేరుతో తమ జాబితాలో చేర్చారు. పేరుకు వయసు తక్కువే గానీ బాధకు కాదు. జొనాథన్ షే అనే డాక్టరు ఆ సైనికులకు వైద్యం చేస్తూ, వాళ్ళు చెప్పేది గ్రీకు కావ్యం 'ఇలియడ్'లో అకిలీస్ పడిన బాధలాగే ఉందని గమనించి 1994లో ఒక పుస్తకమే రాశారు. వాళ్ళకు అకిలీస్ ఉంటే మనకు ద్రౌపది లేదా, అశ్వత్థామ లేడా? అబద్ధం చెప్పి తండ్రిని చంపిన రోజు నుంచే కదా అశ్వత్థామ ఆ రాత్రి వైపు నడిచింది. అతను చేసిన పాపం పాపమే. దానికి శిక్ష పడాల్సిందే. ఆ పాపం ఎక్కడ మొదలైందో తెలుసుకోవడం దాన్ని మాఫీ చేయడం కాదు.

మూడోది, పిల్లలకు ఇట్లాంటివి చెప్తే మెత్తబడిపోతారు, మా కాలంలో ఇవేవీ లేవు అంటారు. ఉన్నాయి. మన తెలుగులోనే ఉన్నాయి. దిగులు, బెంగ, కుమిలిపోవడం, గుండె చెరువు కావడం, మనసు విరిగిపోవడం, దడుపు జ్వరం. ఇన్ని మాటలు ఊరికే పుట్టవు. చిన్నపిల్ల దేన్నో చూసి దడుచుకుంటే ఒళ్ళు కాలుతుందని మా అవ్వకు తెలుసు. దిష్టి తీసినా, విభూతి పెట్టినా, ఆ రాత్రంతా పిల్లను పక్కలోనే పడుకోబెట్టుకునేది. అంటే గాయాన్ని గుర్తించింది. ఇప్పుడు మేము ఏదైనా చెప్పబోతే "టెన్షన్" అనే ఒక్క మాటలో ముగించేస్తారు. తమిళనాడులో తెలుగు చదువుకునే మాకు, మనసులోని మాట ఇంటి భాషలో చెప్పుకునే చోటు ఈ ఒక్క తెలుగు పీరియడే. అక్కడ కూడా గుణాలే బట్టీపట్టిస్తే ఈ మాటలన్నీ నిఘంటువులోనే మిగిలిపోతాయి.

పెద్దవాళ్ళకు ఇంకొకటి గుర్తుచేస్తాను. మా వైపు, చిత్తూరు వైపు పల్లెల్లో ధర్మరాజుల గుడి, ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం జరిపిస్తారు. పగలు కథ చెప్తారు, రాత్రి వీధినాటకం ఆడతారు. వస్త్రాపహరణం ఆడే రాత్రి చూసేవాళ్ళలో కొందరికి పూనకం వస్తుంది. చివరికి మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ దగ్గర వధ జరుగుతుంది, ద్రౌపది వేషం కట్టిన మనిషి అప్పుడు జుట్టు ముడి వేసుకుంటుంది. అన్ని రోజులూ ఆ విరబోసిన జుట్టు ఊరందరి కళ్ళముందే ఉంటుంది. చదువు రానివాళ్ళు కూడా అది చూసి ఏడుస్తారు. ఆ ఊరివాళ్ళు ఎవరూ "ద్రౌపదికి ఓర్పు ఎక్కువ" అని చెప్పుకుంటూ ఇంటికి పోరు. ఆమెకు ఎంత అన్యాయం జరిగిందో చెప్పుకుంటూ పోతారు. మన పల్లెలకు తెలిసిన పద్ధతి మన పరీక్షకు తెలియకపోవడం సిగ్గుచేటు.

నాలుగోది మార్కుల సంగతి. గుణాలైతే దిద్దడం సులభం, మనసు గురించి రాస్తే ఎట్లా దిద్దాలి అని సార్లు అడగవచ్చు. కష్టమే. కానీ కథలోంచి ఆధారం చూపమని అడగవచ్చు కదా. ఆమె ఏ రాత్రి ఎవరితో ఏం చెప్పుకుంది, ఏ పని మానేసింది, ఏ మాట మళ్ళీ మళ్ళీ అంటుంది, ఎవరు విన్నారు, ఎవరు తల వంచుకున్నారు. ఇవన్నీ పాఠంలోనే ఉన్నాయి. పాఠం చదివినవాళ్ళే రాయగలరు. గైడు చదివినవాళ్ళు రాయలేరు. ఇంతకంటే మంచి పరీక్ష ఏముంది?

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. ప్రహ్లాదుడి కథ అందరం విన్నాం. కొండమీదినుంచి తోయించినా, ఏనుగులతో తొక్కించినా, విషం పెట్టించినా ఆ పిల్లవాడు చలించలేదు. అది భక్తి కథ, దేవుడు పక్కనుండి కాపాడిన కథ. దాన్ని చూపించి, మా పిల్లలు కూడా ఎన్ని తిట్టినా, ఎంత కొట్టినా చలించకూడదు అనుకోవద్దు. మేము ప్రహ్లాదులం కాము. మాకు తగులుతుంది.

బాధ ఎక్కువైతే పాఠం ఒక్కటే చాలదని నాకూ తెలుసు. హోసూరు దాటితే బెంగళూరులో నిమ్హాన్స్ ఉంది. అంత దూరం పోలేనివాళ్ళకు 2022లో ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ ఫోన్ నంబరు 14416, ఖర్చు లేదు. పిల్లలకు ఆపద వస్తే 1098 ఉంది. ఈ రెండు నంబర్లు ప్రతి క్లాసు గోడమీదా రాయించమని మనవి. కానీ ఫోన్ చేయాలంటే ముందు "నాకు దెబ్బ తగిలింది" అని తెలియాలి. అది తెలియడానికి కథలు కావాలి. కథలు సరిగ్గా చదవడం కావాలి.

అందుకని నేను అడిగేది చిన్న మార్పే. వచ్చే పరీక్షలో "ద్రౌపది స్వభావాన్ని వివరించండి" అన్న ప్రశ్న తీసేయండి. దాని బదులు ఇట్లా అడగండి: "ద్రౌపదికి ఏం జరిగింది? సభలో ఎవరు మాట్లాడారు, ఎవరు మాట్లాడలేదు? మీరు ఆ సభలో ఉంటే ఎక్కడ కూర్చునేవారు?" అయిదు మార్కులే ఇవ్వండి, చాలు.

— పదకొండవ తరగతి విద్యార్థిని